వీరతిలకం దిద్దాక... కెమెరా ఎటు వెళ్తుంది?

2022 ఆగస్టు. "సీతారామం" విడుదలైన రెండో వారం. తాడేపల్లిగూడెంలో మ్యాట్నీ ఆట. నా పక్క సీట్లో మా వీధిలో ఉండే పిన్నిగారు. సొంత పిన్ని కాదు, వరస కలిపి పిలుస్తాను. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో జవాను.

తెరమీద కాశ్మీరు మంచు, తుపాకుల మోత. హాలంతా ఈలలు. పిన్ని మాత్రం కాల్పులు మొదలైనప్పుడల్లా ఒళ్ళో ఉన్న చేతిసంచీని సర్దుకుంటూ కూర్చుంది. తనకు నా అన్నవాళ్ళెవరూ లేరని లెఫ్టినెంట్ రామ్ చెప్పిన సంగతి రేడియోలో విని, ముక్కూ మొహం తెలియని జనమంతా అతనికి ఉత్తరాలు రాస్తారు చూడండి... అక్కడ పమిటచెంగు కళ్ళకు అద్దుకుంది.

ఇంటర్వెల్లో టీ తాగుతూ అడిగాను, "ఏం పిన్నీ, అంతగా కదిలించేసిందా?" అని.

"అది కాదురా అబ్బాయ్," అంది. "మావాడు ఫోన్ చేస్తే 'తిన్నావా' అంటాను. 'తిన్నానమ్మా, నువ్వు తిన్నావా' అంటాడు. 'తిన్నాను' అంటాను. ఇంక ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలీదు. ఈ సినిమాల్లో వాళ్ళకి ఇన్నేసి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయో!"

ఆ మాట నన్ను అప్పట్నుంచీ వదల్లేదు.

యుద్ధం సినిమా అనగానే మనకు ట్యాంకులు గుర్తొస్తాయి. బాంబులు, విమానాలు, చివర్లో జెండా గుర్తొస్తాయి. కాని ఏ యుద్ధమైనా ఏకకాలంలో రెండుచోట్ల జరుగుతుంది. ఒకటి సరిహద్దులో... రెండోది సైనికుడి ఇంట్లో. మొదటిదాన్ని తియ్యడానికి డబ్బు కావాలి. రెండోదాన్ని తియ్యడానికి ఓపిక కావాలి.

యుద్ధ చిత్రాల్లో దాదాపు తప్పనిసరిగా ఒక సీను ఉంటుంది. సైనికుడు గుమ్మం దాటుతాడు. తల్లి నుదుట తిలకం దిద్దుతుంది. భార్య కన్నీళ్ళు దిగమింగుతుంది. చెల్లెలు చెయ్యి ఊపుతుంది. రైలు కూత వేస్తుంది. సరే... ఆ తర్వాత కెమెరా ఎటు వెళ్తుంది? జవానుతోపాటు రైలెక్కుతుందా? లేక ఆ ఇంట్లోనే ఉండిపోతుందా? యుద్ధం సినిమాలను తూచడానికి నాకు ఇంతకన్నా మంచి తూకంరాయి దొరకలేదు. రండి, కొన్ని చిత్రాలను అలా తూచి చూద్దాం.

మాంచాల కాలం నుంచీ...

ఈ వీరతిలకం సీను మనకు హిందీ నుంచో, హాలీవుడ్ నుంచో అరువు వచ్చింది కాదు. పల్నాటి వీరగాథలోనే ఉంది. యుద్ధానికి బయల్దేరే ముందు బాలచంద్రుడు భార్య మాంచాల దగ్గరికి వెళ్తాడు. కాపురం మొదలు కాకుండానే వీడ్కోలు! ఆ పిల్ల గుండె రాయి చేసుకుని కత్తి అందించి పంపిస్తుంది. గూడవల్లి రామబ్రహ్మం గారు మొదలుపెట్టి మధ్యలో కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేసిన "పల్నాటి యుద్ధం" (1947)లో ఆ బాలచంద్రుడు అక్కినేని. 1966లో అదే కథను ఎన్.టి.రామారావు, భానుమతి గార్లతో మళ్ళీ తీశారు. అంతకుముందు ఏడాదే వచ్చిన "వీరాభిమన్యు"లో పద్మవ్యూహంలోకి దూసుకుపోయే అభిమన్యుడుగా శోభన్‌బాబు, అతన్ని సాగనంపే ఉత్తరగా కాంచన.

మన అమ్మమ్మలు, తాతయ్యలు ఈ సీన్లకు హాల్లో వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడవరూ మరి! ఆ తిలకంలో ఎంత అందం ఉందో అంత విషాదమూ ఉంది. తర్వాత ఆ సీనే కిరీటం తీసేసి, యూనిఫారం తొడుక్కుని సాంఘిక చిత్రాల్లోకి వచ్చింది.

కాని ఒక్క చిక్కు. కత్తి అందించిన మర్నాడు పొద్దున్న మాంచాల ఎలా నిద్రలేచింది? ఆ పూట ఆ ఇంట్లో ఎవరికైనా ముద్ద దిగిందా? కథ ఆగి చూడదు. గుర్రం ఎటు పరిగెడితే కథా అటే పరిగెడుతుంది.

పర్సులో ఫోటో

హిందీవాళ్ళ సంగతి చూద్దాం. 1962లో చైనాతో యుద్ధం జరిగింది. రెండేళ్ళు తిరగ్గానే చేతన్ ఆనంద్ గారు "హకీకత్" (1964) తీశారు. గెలిచిన యుద్ధం మీద ఎవరైనా తీస్తారు. ఎదురుదెబ్బ తిన్న యుద్ధం మీద, అదీ గాయం ఆరకముందే తియ్యడానికి గుండెధైర్యం ఉండాలి. లడఖ్ కొండల్లో బల్‌రాజ్ సహానీ, ధర్మేంద్ర. ఆ చిత్రంలో ఒక పాట ఉంది. మదన్‌మోహన్ బాణీ. రఫీ, తలత్ మహమూద్, మన్నాడే, భూపిందర్... నాలుగు గొంతులు. చలిలో, ఒంటరితనంలో ఉన్న జవాన్లు తమను తలచుకుంటూ ఇంటివాళ్ళు ఏం చేస్తుంటారోనని ఊహించుకుంటూ పాడతారు. ఆ పాట కోసమైనా ఆ సినిమా చూడాలి.

ముప్ఫై మూడేళ్ళ తర్వాత జె.పి. దత్తా "బోర్డర్" (1997) వచ్చింది. అందులోనూ ఒక పాట. ఇంటి నుంచి ఉత్తరాలు వచ్చిన రోజు జవాన్లంతా కలిసి పాడేది. సోనూ నిగమ్, రూప్‌కుమార్ రాథోడ్ పాడిన ఆ పాటను భాష రానివాళ్ళు కూడా కూనిరాగం తీస్తారు.

ఈ రెండు పాటల్లోనూ ఒక పోలిక కనిపెట్టారా? ఇంటిని మనం చూసేది జవాను కళ్ళతో. అతని తలపులో భార్య ఎప్పుడూ వాకిట్లోనే నిలబడి ఉంటుంది. కట్టిన చీర నలగదు. పెట్టిన కాటుక చెదరదు. పాలవాడి బాకీ, పిల్లాడి జ్వరం, అత్తగారితో మాటపట్టింపు ఏవీ ఉండవు. పర్సులో ఫోటోకి వయసు రాదు కదా! "బోర్డర్"లో భార్యకు జబ్బుగా ఉందని సెలవు కోసం తాపత్రయపడే జవాను కథ కూడా ఉంది. ఉన్నా ఆ ఇంట్లో మనం ఎక్కువసేపు కూర్చోం. మళ్ళీ ఎడారిలోకి, ట్యాంకుల ఎదుటికి వచ్చేస్తాం.

ఇంకో విచిత్రం చెబుతాను వినండి. "బోర్డర్" కథకు ఆధారం 1971 డిసెంబర్ 4 రాత్రి రాజస్థాన్‌లోని లోంగేవాలా దగ్గర జరిగిన పోరాటం. తెరమీద మనవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నేలకొరుగుతారు. నిజానికి ఆ పోరులో మన పక్షాన చనిపోయింది ఇద్దరే. సునీల్ శెట్టి వేసిన భైరోన్‌సింగ్ పాత్ర గుర్తుందా? ట్యాంకు కింద ప్రాణాలర్పించే ఘట్టం చూసి దేశమంతా కంటతడి పెట్టింది. ఆ పాత్రకు మూలమైన సరిహద్దు భద్రతా దళం జవాను భైరోన్‌సింగ్ రాథోడ్ గారు ఆ యుద్ధం నుంచి క్షేమంగా బయటపడ్డారు. సేనా మెడల్ అందుకున్నారు. రిటైరయ్యారు. 2022 డిసెంబర్‌లో వృద్ధాప్యంలో జోధ్‌పూర్ ఆసుపత్రిలో కన్నుమూశారు. సినిమా వచ్చాక పాతికేళ్ళు బతికారన్నమాట! తెరమీద తన చావు తానే చూసుకోగలిగిన మనిషి!

సినిమావాళ్ళను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కాని ఒకసారి ఆలోచించండి. చనిపోయిన వీరుడితో కథ సులువుగా ముగుస్తుంది. బతికిన వీరుడు ఇంటికి వస్తాడు. పెన్షన్ కోసం కాగితాలు నింపుతాడు. మోకాళ్ళు నొప్పులంటాడు. అదీ కథే. కాకపోతే దానికి బ్యాక్‌గ్రౌండు మ్యూజిక్ కొట్టడం కష్టం.

మనవాళ్ళు ఏం చేశారు?

తెలుగులో కురుక్షేత్రాలకు కొదవలేదు. 1977 సంక్రాంతికి ఒకేరోజున "దానవీరశూరకర్ణ", "కురుక్షేత్రం" పోటీపడ్డాయి! కాని తుపాకీ పట్టిన సైనికుడి కథలు తక్కువే. మన రాష్ట్రాలకు పరాయిదేశంతో సరిహద్దు లేదు. పైగా ఖర్చు. ఈ లోటును ఇటీవల కొందరు తీర్చబోయారు.

క్రిష్ దర్శకత్వంలో వచ్చిన "కంచె" (2015) రెండో ప్రపంచయుద్ధం కథ. వరుణ్‌తేజ్ బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో ధూపాటి హరిబాబు. యూరప్ సీన్లను జార్జియా దేశంలో తీశారు. దీన్ని మెచ్చుకోవలసింది ఫైటింగులకన్నా కథ అల్లికకు. ఒక సీను యుద్ధభూమిలో, ఒక సీను దేవరకొండ అనే పల్లెలో. అక్కడ జాతి పేరు చెప్పి మనుషుల్ని వేటాడతారు. ఇక్కడ కులం పేరు చెప్పి కంచె కడతారు. ఇంటి దగ్గర అంతా ప్రశాంతం, యుద్ధం ఎక్కడో దూరాన అనే పాత లెక్కను ఈ సినిమా తుడిచేసింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చిందంటే రాదూ మరి!

ఆ తర్వాత సంకల్ప్ రెడ్డి "ఘాజీ" (2017). 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఆధారంగా అల్లిన కథ. రానా, కేకే మీనన్, అతుల్ కులకర్ణి. ఆ ఇరుకు గొట్టంలో మనకూ ఊపిరి ఆడనట్టు చేసిన ఘనత ఆ దర్శకుడిది, ఛాయాగ్రాహకుడిది. ఇక్కడ కెమెరా నీళ్ళలోకి మునిగింది, మళ్ళీ పైకి రాలేదు. ఒడ్డున విశాఖ జనం ఆ రాత్రి ఏం చేస్తున్నారో మనకు తెలియదు. ఆ సినిమా పరిధి అంతే కాబట్టి వంక పెట్టలేం.

ఇక హను రాఘవపూడి "సీతారామం". నా తూకంరాయి దీన్ని చూసి కాస్త తడబడింది. ఎందుకంటే ఇక్కడ కెమెరా జవానుతోనూ వెళ్ళలేదు, ఇంట్లోనూ ఉండలేదు. ఉత్తరం వెంట వెళ్ళింది! సైనికుడు రాసిన ఒక ఉత్తరం ఇరవై ఏళ్ళు ఆలస్యంగా, 1985లో, అందవలసిన చేతికోసం వెతుక్కుంటూ బయల్దేరుతుంది. చూడనివాళ్ళ కోసం ముగింపు చెప్పను. యుద్ధం అయిపోయిందని ప్రభుత్వాలు ప్రకటించినా, ఎదురుచూసేవాళ్ళకు అది అయిపోదని మాత్రం ఈ చిత్రం చెప్పింది.

ఇంట్లోనే ఉండిపోయిన కెమెరా

గుమ్మం దాటకుండా ఇంట్లోనే నిలబడిపోయిన కెమెరాను చూడాలంటే మాత్రం సోవియట్ చిత్రం "ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్" (1957) చూడాలి. దర్శకుడు మిఖాయిల్ కలతోజోవ్. 1958లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకుంది.

వెరోనికా, బోరిస్ ప్రేమికులు. యుద్ధం మొదలవగానే బోరిస్ తనంతట తానే సైన్యంలో చేరతాడు. వీడ్కోలు చెప్పడానికి వెరోనికా పరుగెత్తుకొస్తుంది. జనం... జనం... జనం! ఆ గుంపులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేకపోతారు. తిలకం దిద్దే భాగ్యం కూడా ఆమెకు లేదు! బోరిస్ కొద్దిసేపట్లోనే చనిపోతాడు. సినిమా మాత్రం ఆగదు. వెరోనికాతోనే ఉంటుంది.

బాంబుదాడి తర్వాత ఆమె తన ఇంటికి పరుగున మెట్లెక్కి తలుపు తీస్తుంది. తలుపు అవతల గది లేదు. తల్లీ తండ్రీ లేరు. శూన్యం! గడియారం మాత్రం టిక్ టిక్ మంటూ ఉంటుంది. ఆ ఒక్క షాటు వంద ట్యాంకుల పెట్టు. తర్వాత నిస్సహాయ స్థితిలో ఆమె ఇంకొకణ్ణి పెళ్ళాడుతుంది. సైనికుడి కోసం ఆగలేని ఆడదాన్ని అందరూ చీదరించుకునే కాలం అది. సినిమా మాత్రం ఆమెను చీదరించుకోదు. పక్కన కూర్చుని ఆమె మాట వింటుంది. వెరోనికాగా తత్యానా సమోయ్‌లోవా కళ్ళు మర్చిపోవడం అసాధ్యం.

రెండేళ్ళకు గ్రిగొరీ చుక్రాయ్ "బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్" (1959) వచ్చింది. చుక్రాయ్ స్వయంగా ఆ యుద్ధంలో పోరాడి గాయపడ్డ సైనికుడు. ఇందులో అల్యోషా అనే కుర్రాడు రెండు శత్రు ట్యాంకుల్ని కూల్చేస్తాడు. పై అధికారి పతకం ఇస్తానంటాడు. కుర్రాడు ఏమడుగుతాడో తెలుసా? "పతకం వద్దు, అమ్మను చూసొస్తాను. ఇంటి కప్పు బాగుచెయ్యాలి" అని! ఆరు రోజులు సెలవు దొరుకుతుంది. రెండు వెళ్ళడానికి, రెండు రావడానికి, రెండు కప్పుకి. ఇక సినిమా అంతా ఆ రైలు ప్రయాణమే. కాలు పోయి, భార్యకు మొహం చూపించడానికి జంకుతున్న సైనికుడికి తోడుంటాడు. ఎవరో జవాను ఇంటికి పంపిన సబ్బు బిళ్ళలు అందించబోయి, ఆ ఇంటి ఇల్లాలు వేరొకరితో ఉండడం చూస్తాడు. ఒక అమ్మాయి పరిచయమవుతుంది. ఇలా ఇతరుల కష్టాలు మోసీ మోసీ రోజులన్నీ కరిగిపోతాయి. చివరకు తల్లి దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలే!

ఆ నిమిషాల్లో తల్లి ఏమడుగుతుంది? దేశం గురించి కాదు, ట్యాంకుల గురించి కాదు. గడ్డం గీసుకుంటున్నావా, సిగరెట్లు కాలుస్తున్నావా అని! మా పిన్ని "తిన్నావా" గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది. మాటలు దొరక్కపోవడం తప్పు కాదన్నమాట. రష్యాలోనూ దొరకలేదు.

కుర్రాడు తిరిగి రాలేదని సినిమా మొదట్లోనే చెప్పేస్తారు. సస్పెన్సు లేదు. అయినా కన్ను తిప్పలేం. ఈ రెండు చిత్రాలూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. నలుపు తెలుపు అని వదిలెయ్యకండి.

తిరిగొచ్చినవాడి యుద్ధం

ఇల్లు చేరినవాడి సంగతి? దానికి హాలీవుడ్‌లో విలియం వైలర్ తీసిన "ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్" (1946) ఉంది. ముగ్గురు సైనికులు ఒకే విమానంలో సొంతవూరు చేరతారు. ఒకడు బ్యాంకు ఉద్యోగి. ఒకడు ఆకాశంలో కెప్టెన్, నేలమీద సోడా కొట్లో గుమాస్తా. మూడోవాడు హోమర్... రెండు చేతులూ పోగొట్టుకుని ఇనుపకొక్కేలతో వచ్చిన నావికుడు.

ఆ హోమర్ వేషం వేసింది నటుడు కాదు. హెరాల్డ్ రస్సెల్ అనే అసలు సైనికుడు. 1944లో శిక్షణ శిబిరంలో పేలుడు పదార్థం చేతుల్లోనే పేలి రెండు చేతులూ పోయాయి. రాత్రి పడుకునేముందు ఆ కొక్కేలు ఊడదీస్తే తను ఎంత నిస్సహాయుడో, పెళ్ళాడబోయే పిల్లకు హోమర్ చూపించే ఘట్టం ఉంది. ఏడుపు సంగీతం లేదు, డైలాగుల వర్షం లేదు. ఆ పిల్ల పారిపోదు. అంతే! ఒకే పాత్రకు రెండు ఆస్కార్లు అందుకున్న ఘనత రస్సెల్‌ది.

బాంబు పడని ఊళ్ళో

తుపాకీ పేలకుండా కూడా యుద్ధం సినిమా తియ్యొచ్చునని నిరూపించింది సత్యజిత్ రే గారి "అశని సంకేత్" (1973). బెర్లిన్ చలనచిత్రోత్సవంలో బంగారు ఎలుగుబంటి బహుమతి పొందింది. 1943 బెంగాల్ కరువు కథ. పచ్చటి పల్లె. పైన ఆకాశంలో విమానాలు పోతుంటే జనం వింతగా చూస్తారు. యుద్ధం ఎవరితోనో, ఎక్కడో వాళ్ళకు సరిగ్గా తెలియదు. బియ్యం ధర మాత్రం పెరుగుతుంది. పెరుగుతుంది... మాయమవుతుంది. ఆ కరువులో లక్షలమంది పోయారు. యూనిఫారం తొడగని మృతులు వాళ్ళు. ఏ స్తూపం మీదా పేర్లుండవు.

మన దగ్గరా ఇలాంటి కథలున్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పరుగులు తీశారు. ఆ నెలలోనే మద్రాసు నగరం సగం ఖాళీ అయిపోయింది. మన తెలుగు చిత్రసీమకు అప్పట్లో ఇల్లు ఆ మద్రాసే కదా! ముడిఫిలిం కొరతతో చిత్రం నిడివి పదకొండు వేల అడుగులు దాటకూడదని ప్రభుత్వం కట్టడి పెట్టిన రోజులవి.

ఇక మా తాడేపల్లిగూడెం పక్కనే మాధవరం ఉంది. "మిలటరీ మాధవరం" అంటేనే అందరికీ తెలుస్తుంది. రెండు ప్రపంచయుద్ధాలకూ జవాన్లను పంపిన ఊరు. తరతరాలుగా ఇంటి నుంచి ఒకరు సైన్యంలో ఉండడం అక్కడ ఆనవాయితీ. అమరుల పేర్లతో స్మారకం ఉంది. ఆ పేర్ల వెనకాల ఎంతమంది మాంచాలలు ఉన్నారో! వాళ్ళ కథ చెప్పడానికి జార్జియా వెళ్ళక్కర్లేదు. ఒక పెంకుటిల్లు, ఒక తపాలా బంట్రోతు, ఒక మంచి నటి చాలు.

మళ్ళీ మా పిన్ని దగ్గరికి...

ఆ రోజు సినిమా అయ్యాక బస్సులో వస్తుంటే పిన్ని ఫోన్ మోగింది. అబ్బాయే. "తిన్నావా" అంది యథాప్రకారం. కాసేపు మాటల్లేవు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంతలో ఆవిడ గొంతు సవరించుకుని, "ఒరే... అక్కడ రాత్రిళ్ళు చలేస్తుందా? ఒక్కడివే కాపలా ఉంటావా?" అని అడిగింది. అవతల కుర్రాడు ఏం చెప్పాడో నాకు వినపడలేదు. మా ఊరు వచ్చేదాకా ఆవిడ "ఊఁ... ఊఁ..." అంటూనే ఉంది.

ఆ రెండో ప్రశ్న దగ్గర ఒక మంచి యుద్ధం సినిమా ఉంది. ఈసారి మీరు హాల్లో కూర్చున్నప్పుడు తెరమీద తల్లి తిలకం దిద్దగానే ఈల వెయ్యండి, తప్పులేదు. కాని రైలు కదిలాక ఒక్క క్షణం ఆగి, ఆ గుమ్మంలో మిగిలిపోయినావిడ ఏం చేస్తోందో వెతకండి. కనిపించకపోతే... మన నిర్మాతలను, దర్శకులను అడగండి. అడిగే హక్కు టిక్కెట్టు కొన్న మీకుంది!